నా బ్యాగులో పట్టేది

పొద్దున టిఫిన్ డబ్బా కడుగుతుంటే మా ఆయన సైదులు వచ్చి నిలబడ్డాడు. "ఇయాల బడికి లీవు పెట్టు. రోజూ పట్టుకపోయే బ్యాగే తీస్కరా. తుపాకి కొననీకి పోదం."

బాటసింగారం ప్లాట్ల గొడవలో ఎవరో బెదిరించారని లైసెన్సు తెచ్చుకున్నాడు. తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే చాలు, ఎల్బీనగర్ చౌరస్తాలో పోలీసులు కార్లాపి మగవాళ్ల నడుములు తడుముతున్నారు. "లైసెన్సున్నా గుంజుకుంటరు. నీ బ్యాగుల పెడితె ఎవడు చూస్తడే" అన్నాడు నిన్న. దొరికితే జైలుకు నేనే కదా అన్నాను. చెంప ఇంకా మండుతోంది. "మొగని పానం కన్న నీ టీచర్ నౌకరి ఎక్కువనా" అని అత్తమ్మ గదిలోంచే అంది. ఇల్లు ఆమె పేరు మీద, ప్లాట్లు ఆయన పేరు మీద. నా పేరు మీద రాబోయేది ఒక్క కేసే.

దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో సేటు అద్దం బల్ల మీద రెండు పెట్టాడు. "రివాల్వర్ ఎప్పుడూ దగా చెయ్యదు, గని నడిమిట్ల లావుంటది, బట్టల పైకి కనవడ్తది. పిస్టల్ సపాట్‌గుంటది. గని అప్పుడప్పుడు తూటా ఇరుక్కుంటది. ఎక్కడ పెట్టుకుంటరు సార్?"

"నడుముకే" అన్నాడు మా ఆయన.

సేటు అటు తిరగ్గానే నా బ్యాగు లాక్కుని, దువ్వెన, మాత్రలు, నెలసరి ప్యాకెట్టు బల్ల మీద కుమ్మరించాడు. ఒకదాని తర్వాత ఒకటి లోపల పెట్టి జిప్పు లాగి చూశాడు. రివాల్వర్ పెడితే బ్యాగు ఉబ్బింది. పిస్టల్ పెడితే ఏమీ తెలియలేదు. "మొయ్యనీకి నీకేది అల్కగుంటది?" అని గుసగుసలాడాడు. పెళ్లయ్యాక నా ఇష్టం అడగడం అదే మొదలు. ఇప్పుడు ఊరుకుంటే రేపటి నుంచి రోజూ నా భుజానికి అదే వేలాడుతుంది. రాత్రికి మా గదిలోనే ఉంటుంది. ఆయన కోపమూ అక్కడే ఉంటుంది.

"సేటూ" అన్నాను. "లైసెన్సు ఈయనది. మోసేది నేనట. దొరికితే కేసు ఎవరి మీద?"

సేటు ఇటు తిరిగాడు. "మోసేటోళ్ల మీద మేడం. ఇచ్చినందుకు సార్ మీద గుడ."

"పరాచికాలాడ్తది" అని నవ్వాడు మా ఆయన.

నేను వేళ్ల గుర్తులు తేలిన చెంప వెలుతురు వైపు తిప్పాను. సేటు అది చూసి, బ్యాగులోంచి పిస్టల్ తీసి, రెండూ సొరుగులో పెట్టి తాళం వేశాడు. "నేను అమ్మ సార్."

బయట మా ఆయన కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు. ఇంటికి పోయినంక చెప్త."

రోడ్డు దాటి ఆటో ఆపాను. ఎక్కడికమ్మా అన్నాడు డ్రైవరు.

"పోలీస్ స్టేషన్‌కు. లైసెన్సు ఎసొంటోనికి ఇచ్చిన్రో చెప్పొస్త."