పద్దెనిమిది పాకెట్లు

చీపురు మళ్ళీ పలచబడిందని మా అత్తమ్మ సుగుణమ్మ పొద్దున్నే అందుకుంది. "ఇల్లు ఊడ్సెతందుకు కొన్న చీపురు గాదు అది, నీటికుక్కల పియ్యి ఎత్తెతందుకు కొన్నది" అని పక్కింటామెకు వినబడేలా అన్నది. అబద్ధమేమీ కాదు. కొబ్బరిచీపురు పుల్లలను జానెడు ముక్కలుగా విరిచి, నీళ్ళలో మరిగించి, ఆరబెట్టి, ఆదివారం తెల్లవారగానే మిర్యాలగూడ నుంచి త్రిపురారం కాలువకట్టకు తీసుకుపోతాను. ఒక కుప్పకు ఒక పుల్ల, ఒక కాగితం కవరు. వాడిన పుల్ల అక్కడే పారేయాలి. అదే పుల్లతో రెండో కుప్పను ముట్టుకుంటే ఒకదాని డీఎన్‌ఏ ఇంకోదానికి అంటుకుంటుంది. ఇంటికొచ్చాక కవర్లను తేమ పీల్చే గుళికల డబ్బాలో పెట్టి, డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక నీడలో దాస్తాను.

నీటికుక్కలు, అంటే కాలువలో చేపలు తిని బతికే ఆటర్లు, కట్ట రాళ్ళ మీద ఎప్పుడూ ఒకే చోటికి దొడ్డికి వస్తాయి. చేప పొలుసులతో మెరిసే ఆ పెంటలో వాటి పేగుల కణాలుంటాయి. అందులోంచి డీఎన్‌ఏ తీస్తే ఏది ఏ జంతువుదో, ఆడదో మగదో, ఏది ఎవరి పిల్లో తెలిసిపోతుంది. ఒక్క జంతువునూ పట్టుకోకుండా కాలువలో ఎన్ని మిగిలాయో లెక్క చెప్పొచ్చు. ఇదంతా అత్తమ్మకు చాలాసార్లు చెప్పాను. "లెక్కవెట్టి ఏం జేస్తరు, పెండ్లిళ్ళు జేస్తరా" అంటుంది. నిజానికి అసలు ప్రశ్న అదే. అన్నీ ఒకే కుటుంబానివైతే, కృష్ణా నది వైపు నుంచి కొత్తవి వచ్చి కలవకపోతే, ఈ కాలువలో అవి ఎక్కువ తరాలు నిలవవు. కట్టకు సిమెంటు వేసేముందు అటవీశాఖ వాళ్ళు అడుగుతున్నది ఈ లెక్కనే.

ప్రాజెక్టు మా ఆయన ఉపేందర్‌ది. సూర్యాపేటలో డిగ్రీ కాలేజీ లెక్చరర్. హైదరాబాదు ల్యాబ్ వాళ్ళతో కలిసి చేస్తున్నాడు. కాలువకట్ట మీదికి ఆయన వచ్చింది ఫొటోల రోజున, ఆ తర్వాత ఇంకొక్కసారి. ఎవరైనా అడిగితే "మా మిసెస్ జర హెల్ప్ చేస్తది" అంటాడు. ఆయన పీహెచ్‌డీని నేను టైపు చేసినప్పుడూ ఇదే మాట. ఎమ్మెస్సీలో ఇద్దరం ఒకే బెంచీ. నాకు ఫస్టు క్లాసు వచ్చింది, ఆయన ఒక పేపరు రెండోసారి రాశాడు. పెళ్ళయ్యాక "ముందు నాది కానీ, తర్వాత నీది చూద్దాం" అన్నాడు. ఆ 'తర్వాత' అన్నది ప్రతి ఏడాదీ ఇంకో ఏడాది అవతలికి జరుగుతూ వచ్చింది. నేను ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతికి కణం బొమ్మ గీయిస్తూ ఉండిపోయాను.

నవ్య ఆ ల్యాబ్‌లో మా ప్రాజెక్టు పిల్ల. కోదాడ పక్కన చిలుకూరు వాళ్ళ ఊరు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. నెలకోసారి వచ్చి కవర్లు తీసుకుని, మా ఇంట్లో అన్నం తిని పోతుంది. "నవ్య పైపెట్ పట్టిందంటే చెయ్యి వణకది" అని మా ఆయన పప్పు కలుపుకుంటూ మెచ్చుకుంటాడు. ఆమె కంచంలో రెండోసారి వడ్డించేది నేను. "ఆంటీ, చారు సూపర్ ఉంది" అంటుంది. కవరు మీద తేదీ, స్థలం, కుప్ప నంబరు ఎంత పొందికగా రాశానో ఆ పిల్ల ఒక్కసారి చూస్తే బాగుండునని ఆశపడతాను. చారు మీద ఏనాడూ అంత ఆశపడలేదు.

నా ముఖం చూసి అత్తమ్మ ఇంకోటి అనుకుంది. "వయసు పిల్ల. వానితోటి ఫోన్ల గంటలు గంటలు ముచ్చట పెడతది. జర కనిపెట్టుకో" అని చెవిలో చెప్పింది. ఆ అసూయ అయితే ఎంత సుఖం! దానికి అందరూ ఓదారుస్తారు. మా ఆయన్ను ఆమె ఎగరేసుకుపోతుందన్న భయం నాకు ఒక్కరోజూ లేదు. పోతే పొద్దున ఒక టిఫిన్ బాక్సు తక్కువ సర్దొచ్చు అనుకున్న రోజులున్నాయి. నా కుళ్ళంతా ఆమె నీలం గ్లౌజుల మీద. మెడలో వేలాడే ల్యాబ్ కార్డు మీద. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరికి ఏం వండాలో ఆలోచించకుండా పోయే ఆ ప్రయాణం మీద. నేను మోసుకొచ్చిన కవరులోంచి ఆమె ఒక జంతువును బయటికి తీస్తుంది. నాకు పొలుసులు కనిపిస్తాయి, ఆమెకు తల్లీబిడ్డలు కనిపిస్తారు. ఆమె వచ్చిన రోజు కావాలనే చారులో ఉప్పు ఒక చిటికెడు ఎక్కువ వేశాను ఒకసారి. సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి.

నిన్న శనివారం మధ్యాహ్నం ఫలితాలు వచ్చాయి. సూర్యాపేట బస్సు దిగి వచ్చిన మా ఆయన చెప్పులు విడవకుండానే వంటింట్లోకి వచ్చాడు. నేను గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాను.

"మంజులా, నవ్య ఫోన్ చేస్తది నీకు. డిసెంబర్ల పద్దెనిమిది పాకెట్లు వేరే వేరే కుప్పలవే అని చెప్పు."

మొత్తం అరవై ఒకటి పంపాం. నలభై మూడు నావి. వాటిలోంచి తొమ్మిది జంతువులు తేలాయట, రెండు కుటుంబాలు, ఎక్కడినుంచో వచ్చిన ఒక మగది. ఆ మాట విని లోపల ఒక్కసారి ఎగిరినంత పనైంది. డిసెంబరువి పద్దెనిమిదీ మాత్రం ఒకే ఒక్క ఆడదానివి. ఆ వారం నేను డెంగీతో దవాఖానలో ఉన్నాను. ఆయన వెళ్ళాడు. ప్రాజెక్టు లెక్క నిండాలంటే ఇంకా పద్దెనిమిది కావాలి కాబట్టి, రాయి మీద దొరికిన ఒక్క కుప్పను పద్దెనిమిది కవర్లలోకి పంచి, ఒక్కో స్థలం పేరు రాసుకొచ్చాడని అప్పుడర్థమైంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చే ముందురోజు పిల్లలతో ఏడాది ప్రాక్టికల్ రికార్డంతా ఒక్క పూటలో నింపించే అలవాటు ఆయనది. రికార్డును ఎవరూ తిరిగి ప్రయోగం చేసి చూడరు. ఇక్కడ చూశారు.

"ల్యాబ్ పెద్దసారుకు నేను చెప్పుకుంట. ల్యాబ్‌లనే ట్యూబులు కలిసినయి అని. నువ్వు గూడ అదే అంటే ఖతం."

"మరి ఆ పిల్ల?"

"ఏమైతది? తీసేస్తే ఇంకో ప్రాజెక్ట్ల చేరతది. చిన్నపిల్ల."

"అవి నేను తెచ్చినయి కావు గదా. నేనెట్ల చెప్త?"

"నీ పేరు యాడుంది అండ్ల? నీకేమైతది?" అని చెయ్యి కడుక్కుని హాల్లోకి పోయాడు.

గోరుచిక్కుళ్ళు అన్నీ అయ్యేదాకా నేను ఆ ఊహ తీపిని చప్పరించాను. ఒక్క అబద్ధం. నవ్య చెయ్యి వణికిందని పెద్దసారు అనుకుంటాడు. మెడలో కార్డు తీసి ఇచ్చేస్తుంది. చిలుకూరు వెళ్ళిపోతుంది, వాళ్ళమ్మ సంబంధాలు చూస్తుంది, ఇంకో పదేళ్ళకు ఎవరింట్లోనో ఎవరికో రెండోసారి వడ్డిస్తుంది. అచ్చం నాలాగా. ఆ బొమ్మ ఎంత హాయిగా ఉందో, దాన్ని చూసి సంతోషపడుతున్న నన్ను చూసి అంత భయం వేసింది.

ఆగింది మాత్రం జాలితో కాదు, నిజమే చెప్తాను. ల్యాబ్‌లో కలిసిపోయాయంటే అరవై ఒకటీ చెల్లవు. నా నలభై మూడు కూడా పోతాయి. రెండేళ్ళ ఆదివారాలు, ఆ తొమ్మిది జంతువులు, ఎక్కడినుంచో ఈదుకుంటూ వచ్చిన ఆ మగది, అన్నీ పోతాయి. ఆయన పరువు కోసం నా చేత్తో నా పనినే కాలువలో పారేయమన్నాడు. నాకు ఏమీ కాదనుకున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. నవ్య.

"ఆంటీ, డిసెంబర్ శాంపిల్స్ మీరే తెచ్చిండ్రని సార్ చెప్పిండ్రు..." గొంతు సన్నగా ఉంది. ఏడ్చినట్టుంది.

"నేను తేలేదు. అప్పుడు దవాఖానల ఉన్న. సార్ తెచ్చిండు. ఒక్క కుప్పనే పద్దెనిమిది చేసిండు. నీ తప్పేం లేదు. అవి తీసెయ్యి. మిగతా నలభై మూడు నావి, అవి ఉంచు. గిదే పెద్దసారుకు నా పేరుతోటి మెయిల్ పెడుతున్న."

హాల్లో టీవీ ఆగిపోయింది. అవతల నవ్య కాగితాలు తిరగేసింది.

"రిపోర్ట్ల ఫీల్డ్ కలెక్షన్ కాడ మీ పేరు లేదు ఆంటీ. లోకల్ హెల్ప్ అని ఉంది. ఎట్ల మార్చమంటరు?"

"మంజుల, ఎమ్మెస్సీ జువాలజీ."

"మీరు ఎమ్మెస్సీనా?"

రెండేళ్ళు మా ఇంట్లో తిన్న పిల్ల. ఆయన చెప్పలేదు సరే, నేనూ ఎందుకు చెప్పలేదో నాకే తెలియలేదు. ఉపేందర్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన వైపు చూడకుండానే మాట్లాడాను.

"వచ్చే నెల మీ ల్యాబ్ల ట్రైనింగ్ ఉందని మొన్న అన్నం తినుకుంట అన్నవు గదా. ఒక సీటు నాకు కావాలె."

"రెండు నెలలు ఇక్కడనే ఉండాలె ఆంటీ. ఇంట్ల ఎట్ల మరి?"

"ఇంట్లోళ్ళు చూసుకుంటరు. ఇంకో మాట, ముందే చెప్తున్న. నిన్ను సూస్తే నాకు మస్తు కుళ్ళు నవ్యా. నా బతుకు నువ్వు బతుకుతున్నవని కుళ్ళు. ఇప్పుడు గూడ ఉంది. అది పోయినంక వస్త అనుకుంటే ఈ జన్మల రాలేను. పేరు రాసుకో."