గోడకెక్కిన నాగరత్నం

నా కొడుకు బిడ్డ ఇందుజకు ఒక పిచ్చి పట్టింది. ఫోన్ల ఎవరో విదేశపు పిల్లలు ముదురు రంగు కోట్లేసుకొని, కొవ్వొత్తి ముట్టించుకొని, లావు లావు పాత పుస్తకాలు చదువుతున్నట్టు వీడియోలు పెడ్తరంట. దీనికీ గట్లనే కావాలె. సూరత్ ఎండల, గోడాదరా బస్తీల మా రెండర్రల ఇంట్ల, కాఫీరంగు కోటు తొడుక్కొని చెమటలు కక్కుకుంట కిటికీకాడ కూసుంటది.

"ఇది ఏస్థెటిక్, బాపమ్మా."

"నీ మొఖం! ఫ్యాన్ ఏసుకోవే."

ఆ వీడియోలకు దానికి దొరికింది నా నవల. సిరిసిల్ల నుంచి వచ్చినప్పుడు తెచ్చుకున్నది, అట్ట పోయి కాయితాలు పసుపెక్కినయి. అందుల నాగరత్నమని ఒక పిల్ల, మొగడు మగ్గం ముట్టొద్దంటే ఇల్లిడిసి పోతది. మళ్ల ఆ ఇంటికే పోయిందా, మగ్గం పెట్టుకొని బతికిందా తెల్వలే; ఇంటి పనుల పడి నడుమ ఇడిసిన, మళ్ల పట్టేసరికి నా కండ్లు మసకబారినయి. ఆపరేషన్ అయినా అక్షరాలు ఆనుతలేవు. కొడుకూ కోడలూ ఈడ గుజరాతీ బడిల చదివినోళ్లు. ఇంట్ల తెలుగు చదివేటోళ్లే లేరు. అన్నం తింటుంటె గూడ నాగరత్నం ఏమైందోనని యాదికొస్తది.

ఒకనాడు సిరిసిల్ల నుంచి మా తమ్ముడు లక్ష్మీరాజం ఫోన్ చేసి పకపకా నవ్వుడు.

"అక్కా, నీ మనుమరాలు పుస్తకం తలకిందులు పట్టుకొని చదువుతున్నది! వీడియో వాడకట్టంత చూస్తున్నరు."

"నీ నోట్ల మన్నువడ! మా పిల్లను చూసి నవ్వేటోనివైనవా?" అని ఫోన్ పెట్టేసిన.

సంగతి తెల్సి ఇందుజ దుప్పటి కప్పుకొని ఏడ్చింది. నాకు పాపమనిపించింది. "లేవే. తెల్వక పట్టుకున్నవు. నేర్చుకుంటే పాయె."

తాంబాళంల బియ్యం పోసి, చిన్నపిల్లలకు దిద్దించినట్టే దాని వేలు పట్టుకొని "అ" దిద్దించిన. కండ్లకు కనవడకున్నా నా వేలుకు యాదికున్నది. కాలేజీ పిల్ల, సిగ్గువడుకుంటనే దిద్దింది. నడుమ వీడియో తియ్యవోతే చేతి మీద ఒక్కటిచ్చిన.

వానలు పోయి దసరా వచ్చేసరికి కూడబలుక్కొని చదువవట్టింది. కొవ్వొత్తి లేదు, కోటు లేదు. ట్యూబ్‌లైట్ కింద కూసొని రోజూ నాకు చదివి వినిపిస్తది. నాకు ఎంత సంబురమంటే, కోడలు పిలిచినా పలుకకపోదును. గట్ల ఆఖరి అధ్యాయం దాకా వచ్చి పిల్ల టక్కున ఆగింది.

"ఏందే?"

"బాపమ్మా... మిగిలిన కాయితాలు గోడ మీదున్నయి."

వీడియోల అందంగ కనవడాలని ఎప్పుడో చింపి మంచం పైన గమ్ముతో అతికించిందట! నా మసక కండ్లకు అవేవో బొమ్మలనుకున్న. నెత్తి మండింది.

"నీ ఏస్థెటిక్ పాడుగాను! ఎక్కు మంచం, చదువు!"

ఎక్కింది. కాయితానికి ఒక దిక్కే కనవడుతది, రెండో దిక్కు గోడకు అంటుకపోయింది. తడిగుడ్డతోని ఊడదియ్యవోతే చినుగవట్టింది, ఇడిసిపెట్టింది. కనవడ్డకాడికి చదివింది. మా అదృష్టం, ఆఖరి పేజీ పైకే ఉన్నది.

"నాగరత్నం నవ్వుతూ మగ్గం ముందు కూర్చుని నాడె అందుకుంది."

నాడె చేతవట్టిందంటే మళ్ల నేసుడు మొదలువెట్టినట్టే. నా పాణం లేచొచ్చింది. "మరి ఆడిదాక ఎట్ల చేరిందే? నడుమ ఏమైంది?"

ఇందుజ గోడ మీది కాయితానికి వేలు ఆనిచ్చింది. మళ్ల చదువుడు మొదలువెట్టింది, ఈసారి ఎక్కడా తడబడకుంట. నాగరత్నం రైలెక్కి సూరత్ వచ్చిందట. స్టేషన్ బయట ప్లేటు నిండ వేడి వేడి లోచో తిన్నదట.

ఆ పాత నవలల, సిరిసిల్ల పిల్లకు ఈ సూరత్ శెనగపిండి లోచో ఎక్కడిది! నవ్వొచ్చింది గాని బయటవెట్టలే. మంచం దగ్గరికి జరిగి కూసున్న.

"ఊఁ, తర్వాత?" అన్న.