మొదటి నాలుగు కిలోమీటర్లు

మా పాత కారు నేను నడిపినప్పుడు మాత్రమే వణికేది. ఈ విషయంలో ఇంట్లో భిన్నాభిప్రాయం లేదు. నేనూ ఒప్పుకున్నాను, ఎందుకంటే అది నిజం.

నాకు లైసెన్సు వచ్చి మూడు నెలలు. వచ్చే నెల నుంచి అత్తయ్యను మోకాళ్ళకు వ్యాయామం చేయించడానికి వారానికి మూడు రోజులు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మా ఆయన ఆఫీసు బస్సులో వెళతారు కాబట్టి కారు ఖాళీ, నేనూ ఖాళీ. తాళంచెవి మాత్రం ఆయన చొక్కా జేబులో ఉంది.

"ముందు వణుకు తగ్గనీ. లేకపోతే డ్రైవర్ని పెడతాను," అన్నారు.

"కారు వణుకా, నా వణుకా?"

"రెండూ ఒకటేగా."

మా ఆదివారం పద్ధతి ఇది. కొత్తవాళ్ళకు ఖాళీ రోడ్డు మంచిదని ఇంటి నుంచి కూడలి దాకా నాలుగు కిలోమీటర్లు నేను నడుపుతాను. అక్కడి నుంచి పెద్ద రోడ్డు, అది ఆయనది. నా వాటాలో వేగం నలభై దాటగానే స్టీరింగు వణికేది. వెనక సీట్లో అత్తయ్య కళ్ళజోడు పెట్టె టకటకలాడేది. కూడలిలో ఆయన ఎక్కగానే కారు వెన్నలా సాగిపోయేది. "చూశావా?" అనేవారు. చూసేదాన్ని.

మెకానిక్ షెడ్డు కూడలి దాటాక ఉంది. అతను చక్రాల బ్యాలెన్సింగ్ చేశాడు. ఇంజను కింద రబ్బర్లు మార్చాడు. ప్రతిసారీ తనే ఒక చుట్టు తిప్పి వచ్చి ఒకే మాట అన్నాడు: "బండి బంగారం సార్. మేడమ్ స్టీరింగు గట్టిగా పట్టుకుంటున్నారు. బండి భయపడుతోంది."

వదులుగా పట్టుకున్నాను. వణుకు ఇంకా బాగా కనిపించింది.

ఆ తర్వాత నేనే చూసుకోవడం మొదలుపెట్టాను. బ్రేకు వేస్తే వణుకు పెరగలేదు. నిలబెట్టి ఇంజను ఎంత గట్టిగా తిప్పినా రాలేదు. ఖాళీ రోడ్డులో గేరు తీసేసి కారును దానిమానాన పోనిస్తే మాత్రం వణికింది. అంటే ఇంజనుది కాదు, చక్రాలది. చక్రాలు బాగున్నాయని మెకానిక్ చెప్పాడు. పాత క్యాలెండరు కాగితం వెనక ఇంతవరకు రాసి ఆగిపోయాను.

గురువారం మధ్యాహ్నం అత్తయ్య కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని కుంటుతూ వంటింటి వైపు వచ్చింది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గోడ వదిలేసింది.

"నొప్పి తగ్గిందా అత్తయ్యా?"

"కూర్చుని కూర్చుని బిగుసుకుపోతాయి అమ్మాయ్. మొదటి పది అడుగులే ఏడిపిస్తాయి. ఆ తర్వాత ఇవి నా కాళ్ళే."

నేను స్టవ్ ఆపేసి క్యాలెండరు కాగితం వెతుక్కున్నాను.

ఆదివారం ఉదయం, "ఏమండీ, ఇవాళ ఇంటి దగ్గర్నుంచి మీరే నడపండి," అన్నాను.

"భయమేస్తోందా?"

"అలాగే అనుకోండి."

రెండో మలుపు దాటాక వేగం నలభైకి వచ్చింది. స్టీరింగు వణికింది. ఆయన తన చేతుల వైపు చూసుకున్నారు. నేను రోడ్డు చూశాను. వెనక కళ్ళజోడు పెట్టె టకటకలాడింది.

"రోడ్డు బాగాలేదు," అన్నారు.

"బాగుందనే కదా నాకిచ్చారు?"

"ఒరేయ్, అంత గట్టిగా పట్టుకోకురా. బండి భయపడుతుంది," అంది అత్తయ్య.

కూడలి వచ్చేసరికి వణుకు పోయింది. అలవాటు కొద్దీ ఆయన కారాపి దిగారు. నేను వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను. షెడ్డు దాకా కారు వెన్నలా సాగింది. ఎవరు నడిపినా మొదటి నాలుగు కిలోమీటర్లే వణుకుతోందని అక్కడ చెప్పాను.

"బండి వారంలో ఎన్ని రోజులు నిలబడి ఉంటుంది?" అని మెకానిక్ మొదటిసారి నన్ను అడిగాడు.

"ఆరు."

వంగి, టైరు పక్కన అచ్చేసిన, అది తయారైన వారం, సంవత్సరం తెలిపే నాలుగంకెలు చదివాడు. "తొమ్మిదేళ్ళ టైర్లు సార్."

"అరుగుదల చూడు, కొత్తవాటిలా లేవూ?" అన్నారు మా ఆయన. వాటి గురించి ఆయనకు కొంచెం గర్వం.

"తిరిగితే కదా సార్ అరిగేది! బరువంతా ఒకేచోట పడి టైరు అడుగు చదునైపోతోంది. నాలుగు కిలోమీటర్లు తిరిగి వేడెక్కితే మళ్ళీ గుండ్రం. నా దగ్గరికి ఎప్పుడూ గుండ్రంగానే వస్తోంది." చెవి గోక్కున్నాడు. "ఇన్నాళ్ళూ మేడమ్‌ని అన్నాను."

"సరే, టైర్లు మార్చు."

"మారుస్తాను. కానీ కొత్తవైనా ఇలా నిలబెట్టేస్తే లాభం లేదు. రెండు రోజులకోసారైనా తిప్పాలి."

"నేను బస్సులో పోతాను. ఎవరు తిప్పుతారు?" అన్నారు మా ఆయన. నిజంగానే అడిగారు.

మెకానిక్ చేతిలోని పానా వైపు చూసుకున్నాడు. తలుపు తీసి ఉన్న వెనక సీట్లోంచి అత్తయ్య వేళ్ళు మడుస్తూ, "సోమ, బుధ, శుక్ర," అంది.

ఆయన చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. ఖాళీగా బయటికి వచ్చింది. కూడలి నుంచి నడిపింది నేను కదా, తాళంచెవి నా దగ్గరే ఉంది.