ఉల్లిపొర రంగు లోలాకులు

అశాబి, ఆమె అక్క ఒలాపెజు మాట్లాడుకుని మూడేళ్లయింది. కారణం వింటే మీకు నవ్వొస్తుంది. వాళ్ల ఊరు ఇబాదాన్‌లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

వాళ్లమ్మ తొంభై ఒకటో ఏట హాయిగా కన్నుమూసింది. అంత వయసు బతికిన మనిషి కోసం ఏడవరు, విందు చేస్తారు. విందంటే కుటుంబమంతా ఒకే రంగు బట్ట కట్టాలి. ఉల్లిపొర రంగు అని పెద్దది ఒలాపెజు తేల్చింది. అశాబి తనకు తెలిసిన కొట్లో ఉల్లిపొర రంగే కొన్నానంటూ వచ్చింది. అక్క చూసి, "ఇది ఉల్లిపొర కాదు, వంకాయ" అంది, వియ్యాలవారి ముందు. అశాబి గబగబా వంటవాళ్ల దగ్గరికెళ్లి ఒక ఉల్లిపాయ తెచ్చి, పొట్టు ఒలిచి, గుండెల మీద అతికించుకుని పందిరంతా తిరిగింది. సగం మంది సరిపోయిందన్నారు, సగం మంది లేదన్నారు. పాస్టరుగారిని అడిగితే, తనకు కంటి జబ్బు ఉందని చెప్పి తప్పించుకున్నారు. అంతే, ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు.

ఇప్పుడు ఒలాపెజు కూతురు తెనియోలా పెళ్లి. ఒలాపెజు కోటోనూలో వ్యాపారం చేసిన ఏడేళ్లూ ఆ పిల్ల పెరిగింది అశాబి వీపు మీదే. అలాంటి పిల్ల పెళ్లికి పిన్ని రాకపోతే ఎలా? వెయ్యి రంగులుండగా ఒలాపెజు ఈ పెళ్లికీ ఉల్లిపొర రంగే ప్రకటించింది. పంతమంటే అదీ.

అశాబి ఒక్కగానొక్క కూతురు మొరాడెకె. మొకోలా పేటలో ఇంటి ముందు గదిలో, ఓవెన్లో కాలిస్తే గట్టిపడే పాలిమర్ మట్టితో లోలాకులు చేస్తుంది. ఒలాపెజు స్వయంగా వచ్చి, వీధి గుమ్మంలోనే నిలబడి, తన బట్ట ముక్క చేతికిచ్చింది.

"ఎనభై జతలు. ఈ బట్ట కట్టిన ప్రతి ఆడదాని చెవికీ ఉండాలి. రంగు తేడా వచ్చిందో, నీ చెవులు మెలిపెడతాను."

"అమ్మని పిలుస్తావా పెద్దమ్మా?"

"గేటు దగ్గర మనుషుల్ని పెడుతున్నా. నా రంగు కట్టుకొస్తే రానిస్తారు. నాకెవరి మీదా కోపం లేదు" అని, కోపంగా వెళ్లిపోయింది.

వెనక గదిలోంచి అశాబి అంతా విన్నది. "నేను వెళ్తాను. నా దగ్గర ఉల్లిపొర బట్ట ఉందిగా" అంది. ఉన్నది ఆ పాత బట్టే.

"గేటు దగ్గర ఆపేస్తారమ్మా."

"ఆపనీ. అక్కడే కూర్చుని ఒంటికాయ శొంఠికొమ్ములా పెళ్లి పాటలన్నీ పాడేస్తా."

పాడుతుంది కూడా. మొరాడెకెకి అమ్మ సంగతి తెలుసు. ఆ పాత బట్టను మూడేళ్లుగా నెలకోసారి తీసి, ఇస్త్రీ చేసి, మళ్లీ మడతపెట్టి, ఆ రోజు అన్నం సరిగా తినకుండా పడుకుంటుందని కూడా తెలుసు. అందుకే ఆ పిల్లకు ఒక ఆలోచన తట్టింది. తెలివైన ఆలోచనే. అక్కడే వచ్చింది చిక్కు.

పైన గుండ్రటి బిళ్ల పెద్దమ్మ రంగు, కింద ఆకు ఆకారం అమ్మ రంగు, మధ్యలో కాఫీ రంగు పూస. ఎనభై మంది చెవులకు రెండు ఉల్లిపొరలూ వేలాడుతుంటే, అమ్మ బట్ట వేరే రంగని ఏ నోటితో అంటారు? మట్టిని పిసికి, చేతి మిషన్లో సాగదీసి, చిన్న ముక్క ముందుగా కాల్చి చూసుకుంది. ఓవెన్లోంచి వచ్చాక రంగు ఒక పిసరు ముదురుతుంది కాబట్టి తెలుపు ఇంకాస్త కలిపింది. అయినా రెండు రంగులూ పక్కపక్కన ఎడమొహం పెడమొహంగానే ఉన్నాయి. వాటికి ఆమె పనిలో ఒక కిటుకు ఉంది. దీనిలోది చిటికెడు దానిలో, దానిలోది చిటికెడు దీనిలో కలిపితే ఎంతటి పగ రంగులైనా చుట్టాలైపోతాయి. అలాగే కలిపింది. లోలాకులు ముచ్చటగా కుదిరాయి. బట్ట ముక్క పక్కన పెట్టి చూడాలని మాత్రం ఆమెకు తోచలేదు.

శనివారం పదిన్నరకి పెళ్లి హాలు గేటు దగ్గర సికీరు వాళ్లమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒలాపెజు స్నేహితురాలు. చేతిలో బట్ట ముక్క, కళ్లకు రెండు జతల అద్దాలు. వచ్చినవాళ్లందరినీ ఆ ముక్కతో సరిచూసి పంపుతోంది. అశాబి తల పైకెత్తి నడిచొచ్చింది.

"ఆగు తల్లీ. ఇది వంకాయ."

"నీ చెవికి వేలాడేదేంటి మరి?"

సికీరు వాళ్లమ్మ లోలాకు తీసి చూసుకుంది. చూసి, బట్ట ముక్కతో పోల్చింది. పోల్చి, "అయ్యో దేవుడా, నేనే తప్పు రంగు పెట్టుకొచ్చానా!" అని లబోదిబోమంటూ గేటు దాటి బయటికొచ్చి, తనను తానే ఆపేసుకుంది.

వెనకున్నవాళ్లు కంగారుగా తమవీ తీసి చూసుకున్నారు. హాల్లో కబురు పాకింది. లోపల కూర్చున్నవాళ్లు, తింటున్నవాళ్లు, డ్రమ్ముల వాళ్ల ముందు చిందేస్తున్నవాళ్లు, అందరూ ఎండలోకొచ్చి లోలాకులు పైకెత్తి పట్టుకున్నారు. పై బిళ్లే ఉల్లిపొర అని ఒక వర్గం, కాదు కింది ఆకే అని ఇంకో వర్గం. కాఫీ పూసే అసలైన ఉల్లిపొర అని ఒక ముసలామె అంటే ఆమెకూ ముగ్గురు తోడొచ్చారు. పెళ్లికొడుకు కారు దిగి దండం పెడితే, "కాస్సేపు ఆగు నాయనా, వెలుతురికి అడ్డం రాకు" అన్నారు. జొల్లోఫ్ అన్నం చల్లారిపోతోందని వంటామె మొత్తుకుంటోంది.

తలగుడ్డ గొడుగంత విప్పారి ఉండగా ఒలాపెజు దూసుకొచ్చింది. జనం తప్పుకున్నారు. అక్కాచెల్లెళ్లు మూడేళ్ల తర్వాత ఎదురెదురుగా నిలబడ్డారు. మొరాడెకె జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

ఒలాపెజు తన లోలాకు తీసి పై బిళ్లను ఒంటి మీది బట్టకు ఆనించింది. కలవలేదు. చెల్లెలి వైపు చూడకుండానే లోలాకు ముందుకు చాపింది. అశాబి కింది ఆకును తన బట్టకు ఆనించింది. అదీ కలవలేదు.

"ఇది నీ రంగు కాదక్కా" అంది అశాబి మెల్లగా.

"నీదీ కాదే, అశాబీ."

ఇద్దరూ ఒక్కసారే మొరాడెకె వైపు తిరిగారు.

"కళ్లు ఎక్కడ పెట్టుకుని చేశావే? ఎనభై మంది చెవుల్లో పువ్వులు పెట్టావు!"

"చిన్నప్పటి నుంచీ ఇంతేనక్కా, చెప్పింది వినదు."

"నీ గారాబం!"

"నిజమే, నా గారాబమే. నువ్వు దగ్గరుంటే ఇలా తయారయ్యేదా?"

ఒలాపెజు చెల్లెలి తలగుడ్డ పిన్ను సరిచేసింది. "పద లోపలికి. పిన్ని రానిదే పూలచెండు పట్టుకోనని తెనియోలా కూర్చుంది" అంది.

వాళ్ల వెనకాలే మొరాడెకె అడుగు వేసింది. ఒంటి మీద పెద్దమ్మ చెప్పిన రంగు బట్టే, రవ్వంత తేడా లేదు. ఒలాపెజు వెనక్కి తిరిగి సికీరు వాళ్లమ్మకు చెప్పింది: "దీన్ని మాత్రం రానివ్వకు. రంగులు తెలియని మనిషి."

సికీరు వాళ్లమ్మ ఖాళీ కుర్చీలో మొరాడెకె కూలబడింది. కిటికీలోంచి రెండు గొంతులు వినిపిస్తున్నాయి. ఒకరు తిట్టు మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేస్తున్నారు, మధ్యమధ్య నవ్వుతున్నారు కూడా. మొరాడెకె చెంగుతో కళ్లు తుడుచుకుని, సరిగా వినిపించాలని కుర్చీని కిటికీకి ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.