చక్ కింద చెక్క

నెల్లికుదురులో నా లేత్ దుకాణానికి పేరు నాది, పనితనం ధన్‌సింగ్‌ది. ఈ మాట వాడి ముందు ఒక్కనాడూ అనలేదు. పన్నెండేళ్లుగా తండా నుంచి వచ్చి నా మిషన్ మీద షాఫ్టులు తిప్పుతున్నవాడికి చెల్పూరులో ఒక వర్క్‌షాపు నుంచి పిలుపు వచ్చింది. సోమవారం చేతిపని పరీక్ష. శనివారం పొద్దున ఆ కబురు నవ్వుతూ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. నా దగ్గర పని నేర్చుకుని నన్నే వదిలిపోతాడా?

వాడికో చాదస్తం ఉంది. ఇనుమును పట్టి తిప్పే, మిషన్‌కు మరలతో బిగించిన చక్ ముప్ఫై కిలోలుంటుంది. దాన్ని మార్చాల్సినప్పుడల్లా ముందు మెయిన్ స్విచ్ తీసేస్తాడు. తర్వాత చక్ కింద, లేత్ బెడ్ ఇనప పట్టాల మీద అడ్డంగా మందపాటి టేకు చెక్క పెడతాడు. చివరి మర ఊడి చక్ జారినా చెక్క మీదే ఆగుతుంది, వేళ్లు దక్కుతాయి.

ఆ మధ్యాహ్నం రైసుమిల్లు పెంటయ్య ఒక షాఫ్టు తెచ్చాడు. దానికి చక్ మార్చక తప్పదు. ధన్‌సింగ్ అన్నం తిని చెయ్యి కడుక్కోవడానికి పోయినప్పుడు ఆ చెక్క తీసి బీరువా వెనక పడేశాను. వేళ్లు పోవాలని కాదు. ఒక వేలు కమిలితే చాలు, పరీక్ష తప్పుతుందనుకున్నాను.

“పటేలా, చెక్క కనవడ్తలేదు. జర ఆగుండ్రి, ఇంకోటి దెస్త.”

“మిల్లు బందు వెట్టి కూసున్నడు పెంటయ్య. చెల్పూర్ల గూడ గిట్లనే చెక్క కోసం దేవులాడుతవా? నవ్వి ఎల్లగొడ్తరు పో!”

పెంటయ్య పకపకా నవ్వాడు. ధన్‌సింగ్ ముఖం మాడిపోయింది. స్విచ్ మాత్రం తీశాడు. ఎడమ చెయ్యి చక్ కింద పెట్టి, కుడి చేత్తో తిప్పసాగాడు. ఇక ఒక్క మరే మిగిలిందని నాకూ తెలుస్తూనే ఉంది. ఆగమనే మాట నోటిదాకా వచ్చింది. అనలేదు.

చక్ ఊడి పడింది. మూడు వేళ్లు దానికీ బెడ్‌కూ మధ్య నుజ్జయ్యాయి. అరిచింది పెంటయ్య, వాడు కాదు.

నేనే కార్లో మహబూబాబాద్ దవాఖానకు తీసుకెళ్లాను. సీటుకు రక్తం అంటుతుందని దారంతా చెయ్యి ఒళ్లో దాచుకున్నాడు. ఇక వీడు ఎక్కడికీ పోడన్న నిశ్చింత నాకు కలిగింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

డాక్టరు మూడు వేళ్లూ తీసేశాక వాడి భార్య జమ్లీ వచ్చింది.

“మీరు లేకుంటే నా పెనిమిటి పానం పోతుండె, పటేలా. ఇగ ఆ కొలువు యాడిది? దుకాణం ఊడ్వనీకన్న ఉంచుకోండ్రి.”

మంచం మీద నుంచి ధన్‌సింగ్ నన్నే చూస్తున్నాడు. వాడికి అంతా తెలుసని ఆ చూపులోనే అర్థమైంది. నోరు విప్పితే ఊడ్చే పని కూడా దక్కదని ఊరుకున్నాడు.

“సరే, రమ్మను” అన్నాను.

జమ్లీ వంగి నా కాళ్లు పట్టుకుంది. నేను వెనక్కి తీసుకోలేదు.