పెండ్లికార్డుకు రెండో దిక్కు

సుహాసినికి మొగుళ్ల మీద కోపం లేదు. మొగుళ్ల పేర్ల మీదే కోపమంతా. ఎందుకుండదు మరి? ఆమె తల్లి అరవై ఏళ్లు బతికి, ఊరందరి నోట "లింగయ్య పెండ్లాం"గానే కన్నుమూసింది. దినాలకు వచ్చిన చుట్టాల్లో సగం మందికి ఆమె అసలు పేరు తెలియలేదు. ఆ ముల్లు సుహాసిని గుండెలో అట్లాగే ఉండిపోయింది.

రెండువేల రెండులో గట్టు మండలంలోని ఒక ఊళ్లో ఆడవాళ్లకు రాత నేర్పే పని దొరికింది. ఇచ్చిన పుస్తకం తెరిస్తే మొదటి పాఠమే "నా భర్త పేరు". సుహాసిని దాన్ని మూసి బీరువా మీద పడేసింది. గద్వాలలో ప్రెస్సు నడిపే ఖాజా మియా దగ్గరికి పోయి, అచ్చు చెడిపోయిన పెండ్లికార్డుల కట్ట ఉచితంగా తెచ్చుకుంది. ఖాళీగా ఉన్న దిక్కున తన పాఠాలు తానే రాసుకుంది: నా పేరు, మా అమ్మ పేరు, నా చెలక, నా చేతిపని. యాభై కార్డుల్లో మొగుడన్న మాట మచ్చుకైనా లేదు. అదేందని ఎవరడిగినా వినేది కాదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. చేనులో పని లేక మధ్యాహ్నం పూట పదిహేను మంది ఆడవాళ్లు బడి వరండాలో కూర్చునేవారు. ఒకరోజు కార్డులు సర్దుతుంటే "మా అమ్మ పేరు" కార్డు కనబడలేదు. సుహాసినికి చర్రున కోపమొచ్చింది.

"నేను కూసొని రాసేది మీకు ఆటలెక్కుందా?" అని అందరినీ కలిపి దులిపేసింది.

అందరూ వెళ్లిపోయాక తిమ్మమ్మ ఒక్కతే స్తంభం పక్కన మిగిలింది. ముప్పై దాటిన మనిషి, క్లాసులో పెదవి విప్పేది కాదు. కొంగుముడి విప్పి, నలిగిన కార్డు తీసి నేల మీద పెట్టింది. అచ్చు ఉన్న దిక్కు పైకి పెట్టింది.

"అమ్మ పేరు కోసం తియ్యలే టీచరమ్మా. ఈ దిక్కు కోసం తీసిన."

"ఇక్కడేముంది?"

"మొన్న మన క్లాసు సరోజ ఈ కార్డుల మీది పెండ్లికొడుకుల పేర్లు చదువుకుంట నవ్వుతుండె. అందుల ఎవలిదో మా ఇంటాయన పేరే వచ్చింది." వేలితో చూపించింది గాని పలకలేదు. మొగుడి పేరు నోటితో అంటే అతని ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. వేలి కింద "చి. మాసయ్య" అని ఉంది.

సుహాసిని చల్లబడింది. "అయితే ఏందక్కా?"

"మేస్త్రి తీస్కపోయిన కూలోళ్ల గుంపుల కాలువ పనికి పోయిండు. నాలుగు నెల్లాయె, ఏ కబురూ లేదు. పోయేనాడు కొట్లాడినం. సద్ది గూడ కట్టియ్యలే నేను." తిమ్మమ్మ కార్డు మడతలు వేలితో సాపు చేసింది. "మేస్త్రి తమ్ముడు రేపు ఆడికి పోతుండంట. చీటి ఇస్తే తీస్కపోతనన్నడు."

"ఎవరితోనన్న రాయించకపోయినవా?"

"ఎవరికని అడిగితే పేరు చెప్పాలె గద. నోరు రాదు. లోపలి మాట ఇంకొకళ్ల ముంగట ఎట్ల చెప్త? చెయ్యి రాస్తే ఏం దోషం లేదు. నువ్వు ఎప్పుడన్న నేర్పుతవని చూసిన. నీ పాఠంల ఆ ముచ్చటే రాలే."

సుహాసినికి సిగ్గేసింది. ఆడవాళ్ల పేర్లు మింగేసే మనిషిని పాఠాల్లోంచి తీసేశాననుకుంది. తిమ్మమ్మ ఎవరి కోసం దిగులుపడుతోందో ఆ మనిషిని కూడా తీసేసింది. అమ్మ బాధ అమ్మదే, తిమ్మమ్మ బాధ తిమ్మమ్మదే. ఈ చిన్న సంగతి ఇన్నాళ్లూ తట్టనందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఖాళీ దిక్కున్న కార్డు ఒకటి, పెన్సిలు ఒకటి ఇచ్చింది. పొద్దు వాలేదాకా తిమ్మమ్మ పంటి కింద పెదవి పెట్టుకుని, అచ్చు చూసుకుంటూ రాసింది. తెలియని అక్షరం దగ్గర మాత్రమే సుహాసిని సాయం చేసింది.

"చి. మాసయ్యకు. నాకు కోపం లేదు. రా. తిమ్మమ్మ."

సుహాసినికి నవ్వొచ్చింది. "ఆ 'చి' తుడిచేస్త అక్కా. పెద్దోళ్లు చిన్నోళ్లకు పెట్టేది అది. మొగుడికి పెట్టరు."

"దానికి అర్థమేంది?"

"చిరంజీవి అని. నూరేండ్లు బతకాలె అని దీవించుడు."

తిమ్మమ్మ ఆ అక్షరం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనియ్ టీచరమ్మా. నేను మొక్కేది గూడ గదే."

సుహాసిని రబ్బరు కింద పెట్టేసింది. మర్నాడే ఒక కొత్త పాఠం రాసింది: "నేను రాయాలనుకున్న వాళ్ల పేరు". ఎవరి పేరో వాళ్లిష్టం.

ఇరవై రోజులకు, క్లాసు మొదలుకాకముందే, భుజాన మూటతో ఒకాయన వరండా ఎక్కాడు. చెమటకు మెత్తబడిన కార్డు జేబులోంచి తీశాడు.

"టీచరమ్మా, నేను మాసయ్యను. ఇంటికి గూడ పోలే ఇంక, నువ్వే ఆమెకు రాత నేర్పినవంటే సీదా ఇటే వచ్చిన. ఆడ ఒకాయన సదివి 'రా' అన్నదని చెప్పిండు. గంతే, మూట గట్టుకున్న. ఇందుల నా పేరేది, ఆమె పేరేది, జర చూపియ్."

సుహాసిని చూపించింది. అతడు తన పేరును ఊరికే అట్లా చూసి, కింది పేరు మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"పదహారేండ్లాయె పెండ్లయి. 'ఏమే' అనుడే గని, ఒక్కనాడన్న పేరు పెట్టి పిలువలే. జవాబు రాసి చేతికిస్త. ఇది ఎట్ల రాయాల్నో నేర్పియ్."

సుహాసిని కళ్లు తుడుచుకుని, కట్టలోంచి ఒక కార్డు తీసింది. "తిమ్మమ్మ" అని పెద్దగా రాసి అతని ముందు పెట్టింది.