ఒక్కొక్కటిగా నలభై

షెడ్డులో నలభై యుద్ధ టాంకులుండేవి. బ్యాటరీలు మాత్రం పద్నాలుగింటికే ఉండేవి. ఈ గుట్టు పదకొండేళ్లు షెడ్డు గుమ్మం దాటలేదంటే అదంతా పెద్దమేస్త్రి నేర్పు, ఆయన వదిన రెక్కల కష్టం.

అవి ఆమె పుట్టకముందు తయారైన టాంకులు. వాటి తర్వాత రెండు తరాల కొత్తవి వచ్చాయి. పాతవాటికి బ్యాటరీలు కావాలని మేస్త్రి రాసినప్పుడల్లా "ఎలాగూ తుక్కుకు పోయేవే కదా" అని జవాబొచ్చేది. పోనీ తుక్కుకు పంపుతారా అంటే అదీ లేదు. ఏటా తనిఖీ అధికారి వచ్చి, ప్రతి టాంకూ స్టార్టవుతుందో లేదో చూసి టిక్కు పెట్టుకునేవాడు. సగం కదలవని తేలితే షెడ్డుకు తాళమే. అందుకని మేస్త్రి ఒక ఉపాయం పన్నాడు. అధికారి ముందుకు నడుస్తుంటే, ఆయన చూసేసిన టాంకుల్లోంచి బ్యాటరీలు ఊడదీసి, వెనక సందులోంచి తోపుడుబండి మీద చివరి వరుసకు చేర్చేవాళ్లు. టాంకుకు నాలుగు. ఒక్కొక్కటీ ఇద్దరు పట్టి లేపాల్సిన బరువు. ఈలోగా మేస్త్రి అధికారికి టీ ఇప్పించి తన మోకాళ్ల నొప్పుల పురాణం విప్పేవాడు. బండి ఆలస్యమైతే ఆ నొప్పి నడుముకు పాకేది.

బండి ముందు పట్టేది వదినే. మొగుడు పోయాక బ్యాటరీ గదిలో ఆమెకు పని ఇప్పించింది ఈ మరిదే. నీళ్లు పోయడం, చార్జింగు పెట్టడం, మూత తీసి చూసి ఏ బ్యాటరీ ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పడం, అన్నీ ఆయనే నేర్పాడు. షెడ్డంతా ఆమెను బ్యాటరీ అక్క అని పిలిచేది.

పదకొండో ఏట సరిహద్దులో యుద్ధం మొదలైంది. కొత్త టాంకులు వెళ్లినవి వెళ్లినట్టే కాలిపోయాయి. అప్పుడు పైవాళ్లకు పాతవి గుర్తొచ్చాయి. బ్యాటరీ అక్క అల్లుడు టాంకు డ్రైవరు. అతనికి ముప్పై ఒకటో నంబరు టాంకు రాసిపెట్టారు. ఆ కబురు అతను భోజనాల దగ్గర సంబరంగా చెప్పాడు.

"మీ షెడ్డుదే అత్తయ్యా. మీ చేతి బ్యాటరీలు. ఇంక నాకేం భయం?"

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "ముప్పై ఒకటా?"

"ఏం, దాని మొహం బాగోదా?"

"బాగానే ఉంటుంది. తిను నాయనా."

ముప్పై ఒకటి చివరి వరుసలోది. తనిఖీ రోజు తప్ప దాని బ్యాటరీ పెట్టె ఎప్పుడూ ఖాళీయే.

మర్నాడు పొద్దున్నే మరిదిని పట్టుకుంది. ఆయన ఒక ఇంజను కింద దూరి ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఇంకా ఏదీ ఖరారు కాలేదు వదినా. ఏరు దాటే దాడిని ముందు బల్ల మీద ఆటగా ఆడి చూస్తారట. అయినా బ్యాటరీ లేకపోతే లాగి స్టార్టు చేయొచ్చు."

"ఏటి మధ్యలో ఆగిపోతే ఎవరు లాగుతారు? శత్రువులు లాగుతారా?"

ఇంజను కింద నుంచి మాట వచ్చింది. "నోరు జారావంటే ఇద్దరం రోడ్డు మీద పడతాం. ఈ వయసులో నాకెవడిస్తాడు పని?"

ఆమె వెనక్కి తిరిగి బ్యాటరీ గదికి వెళ్లిపోయింది. అన్నం పెట్టిన చెయ్యి అది.

రెండు రోజులకు మధ్యాహ్నం పూట ఆఫీసు మేడ మీద కరెంటు పోయింది. ఆటగదిలో దీపాలకు బ్యాటరీ కావాలన్నారు. ఆమె బండి తోసుకుని వెళ్లింది.

ఆటగదంటే నిజంగా ఆటే. గది నిండా ఒకే బల్ల, దాని మీద కొండలూ ఏరూ దారులూ గీసిన పటం. పటం మీద అట్టముక్కలు. ఒక్కో ముక్క ఒక్కో టాంకు, మీద నంబరు. కొత్త టాంకు కొడితే మూడు పాచికలు, పాతదైతే ఒక్కటే. ఒకవైపు కమాండరు, అవతలివైపు శత్రువు వేషంలో ఒక కుర్ర కెప్టెను. మధ్యలో కళ్లజోడు పెట్టుకుని తీర్పు చెప్పేది ఆటల ఆఫీసరు.

"ఈ ముసలాళ్లను నా మీదికి తోలితే నాకు వేటాడ్డమే పని," అన్నాడు కెప్టెను.

"చేతిలో తుపాకీ తప్ప ఏమీ లేనివాడికి పాత టాంకైనా టాంకే," అన్నాడు కమాండరు. "నలభై ఒక్కసారి మీద పడితే నీ డ్రోన్లు ఎన్నిటిని ఆపుతాయోయ్?"

కమాండరు కర్రతో నలభై అట్టముక్కల్నీ ఏరు దాటించాడు. పాచికలు గలగలమన్నాయి. సగం పోయాయి, సగం గట్టెక్కాయి. కెప్టెను చేతులెత్తేశాడు.

"చూశారా! ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే. ఇక ఆర్డరు రాయించండి."

ఆమె తీగ బిగిస్తూ పటం వైపు చూసింది. ఏటి అవతలి ఒడ్డున అన్నిటికంటే ముందు ముప్పై ఒకటి నిలబడి ఉంది.

"అయ్యా, ఒక్క మాట," అంది. "ఇవన్నీ ఒకేసారి బయల్దేరతాయా?"

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆటల ఆఫీసరు కళ్లజోడు తీశాడు. "అవునమ్మా. ఏం?"

"ఒక్కొక్కటిగా అయితే నలభై కదులుతాయండి. ఒకేసారి అంటే పద్నాలుగే."

"తనిఖీ కాగితంలో నలభై అని ఉంది!" కమాండరు గొంతు లేచింది.

"కాగితం అబద్ధం కాదండి. ఆ రోజు నలభై స్టార్టయ్యాయి. అన్నిటికీ అవే బ్యాటరీలు. మోసింది నేనే."

మరిది పేరెత్తలేదు. ఆటల ఆఫీసరు కేకలేమీ వేయలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. కదలనివి ఏవో చూపించమన్నాడు. ఆమె మొట్టమొదట ముప్పై ఒకటి తీసింది. తర్వాత చివరి వరుస, దాని ముందు వరుస. టీ పళ్లెంలో ఇరవై ఆరు ముక్కలు పోగుపడ్డాయి.

మేస్త్రికి కబురెళ్లింది. ఆయన చేతిలో గుడ్డతో వచ్చి, బల్ల దగ్గర కూర్చున్న వదిననీ పళ్లేన్నీ చూశాడు. ఆమె తల దించుకోలేదు.

"పద్నాలుగే కదుల్తాయంటున్నారు ఈవిడ. నిజమేనా మేస్త్రీ?" అనడిగాడు ఆటల ఆఫీసరు.

మేస్త్రి గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. కాదంటే సరిపోయేది. ఆడమనిషి, బ్యాటరీలకు నీళ్లు పోసేది, ఆమె మాట ఎవరు నమ్ముతారు? ఆయన బల్ల మీదికి వంగాడు. ఇంకో రెండు ముక్కలు తీసి పళ్లెంలో వేశాడు.

"పద్నాలుగు కాదండి, పన్నెండు. ఆరో నంబరుదీ, పదకొండోదీ స్టార్టవుతాయి గాని ఐదు కిలోమీటర్లకు గేరుపెట్టె చేతులెత్తేస్తుంది. ఇది మా వదినకి కూడా తెలీదు."

పన్నెండుతో మళ్లీ ఆడారు. ఒక్కటీ ఏరు దాటలేదు. కమాండరు కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"వాటి కాళ్లు పోయాయి గాని ఫిరంగులు పోలేదండి," అన్నాడు మేస్త్రి మెల్లగా. "గురి చేత్తో తిప్పుకోవచ్చు. లాక్కెళ్లి ఏటికి ఇవతల మెడదాకా మట్టిలో పాతండి. కదలక్కర్లేని చోట పెడితే కదల్లేదని ఎవరూ తిట్టరు."

ఈసారి ఏరు దాటాల్సింది కెప్టెను. మూడుసార్లు పాచికలు వేశాడు. మూడుసార్లూ దాటలేకపోయాడు.

తిరుగుదారిలో బండి ముందు మేస్త్రి పట్టాడు. వారంలో విచారణ ఉంటుందని అప్పటికే చెప్పేశారు.

"ఉద్యోగం ఊడితే ఏం చెయ్యమంటావు వదినా?"

"బండి తొయ్యడం వచ్చుగా. బతకలేమా?"

ఆయనకు నవ్వొచ్చింది. "నా మోకాళ్లతోనా?" అన్నాడు.

నెల తిరగ్గానే అల్లుడు ఫోను చేశాడు. "డ్రైవరునని చెప్పుకుంటూ పోతే చేతికి పార ఇచ్చారత్తయ్యా! మీ ముప్పై ఒకటి చుట్టూ పొద్దున్నుంచీ గొయ్యి తవ్వుతున్నాను. నడుం విరిగిపోతోంది."

"తవ్వు నాయనా," అందామె. "ఇంకా లోతుగా తవ్వు."